క్షమించి, అక్కడే ఉండిపోయిన గ్లాడిస్ స్టెయిన్స్

మన ఒడిశా చరిత్ర అనగానే కళింగ యుద్ధం, కోణార్క దేవాలయం గుర్తుకొస్తాయి. కానీ మన అమ్మానాన్నల కాలంలో జరిగిన చరిత్ర కూడా ఒకటుంది. తలుచుకుంటే బాధేస్తుంది, అయినా మరిచిపోకూడదు.

గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్రైస్తవ సేవకుడు. 1965 నుంచి మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేశారు. ఆ జబ్బు వచ్చినవాళ్లను ఎంతోమంది సొంతవాళ్లే దూరం పెట్టే రోజులవి. ఆయన భార్య గ్లాడిస్ నర్సు.

1999 జనవరి 22 రాత్రి కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆయన తన ఇద్దరు కొడుకులతో బండిలో నిద్రపోతున్నారు. ఒక గుంపు వచ్చి ఆ బండికి నిప్పు పెట్టింది. తండ్రితో పాటు 10 ఏళ్ల ఫిలిప్, 6 ఏళ్ల తిమోతి కూడా చనిపోయారు. గ్లాడిస్‌కు కూతురు ఎస్తేరు మాత్రమే మిగిలింది.

అంత దుఃఖంలోనూ ఆమె, చంపినవాళ్లను క్షమించానని చెప్పారు. వాళ్లు వచ్చి క్షమాపణ అడిగేదాకా ఆగలేదు. అలాగని తప్పును తప్పు కాదనలేదు. క్షమాపణ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు అన్నారు. కోర్టులు తమ పని తాము చేశాయి. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి సంగతి. ఆమె వెంటనే సొంత దేశం వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ 2004 దాకా బారిపదలోనే ఉండి రోగుల బాగోగులు చూసుకున్నారు. 2005లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, ఏడుసార్లు కాదు, డెబ్బై ఏళ్లసార్లు అన్నాడు యేసు. అంటే లెక్క పెట్టుకోవద్దనే కదా! క్షమించానని నోటితో ఒక్కసారి అంటే సరిపోదు, రోజూ ఆ మాట మీద నిలబడాలి. మనమైతే సారీ చెప్పుకున్నాక కూడా నెలల తరబడి మాట్లాడకుండా తిరుగుతాం. చిన్న పొలం గట్టు దగ్గర మాటా మాటా అనుకున్న అన్నదమ్ములు ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు వెళ్లరు. అలాంటప్పుడు ముందుగా పలకరించేవాళ్లు చిన్నబోయినట్టు కాదు. బారిపదలో ఒక తల్లి అంతకన్నా ఎంతో కష్టమైన పని చేసి చూపించింది.