ఇంట కట్టిన స్పీకరు: పుట్టుపూర్వోత్తరములు

పాశ్చాత్య దేశములలో రేడియో అప్పుడప్పుడే గృహప్రవేశము చేయుచున్న 1920వ దశకమున, స్ఫటికపు రేడియో కొనుక్కొన్న కుటుంబమునకు ఒక చిక్కు ఉండెడిది. ఆ యంత్రము బ్యాటరీ అక్కరలేక, ఏరియల్ తీగ ఆకాశమునుండి పట్టి తెచ్చిన స్వల్పశక్తితోనే పనిచేయునది గనుక, దాని ధ్వని చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులలో మాత్రమే, అదియు ఒక్కరికే, వినబడెడిది. ఏ యింజనీరును అడుగకయే ఇంటింట జనులు దానికొక ఉపాయము కనుగొనిరి. వంటింటినుండి లోతైన పింగాణి గిన్నె నొకదానిని తెచ్చి, అందు హెడ్‌ఫోనుల నుంచి, దాని చుట్టును తలలు చేర్చి కూర్చుండిరి. గిన్నె గోడలు ధ్వనిని చెదరనీక పైకి మరల్చుటచే, ఒక్కరికి దక్కిన సంగీతము నలుగురికి వినవచ్చెను. స్పీకరు చరిత్ర వ్రాయువారు సాధారణముగా పేటెంటులతో ఆరంభింతురు. నా మట్టుకు ఆ గిన్నెతో ఆరంభించుటయే న్యాయమని తోచుచున్నది. ఏలయనగా, స్పీకరు కర్మాగారమున సగమే తయారగును. కాగితపు కోనును, తీగచుట్టను, అయస్కాంతమును కర్మాగారము చేయగలదు గాని, ఆ కోను వెనుకనుండు గాలికి ఏ పెట్టె తగునో, ఆ పెట్టె ఏ గదిలో ఏ మూలను నిలువవలెనో నిర్ణయించునది ఇల్లు. ఆ రెండవ సగమును తమ చేతనున్న సామగ్రితో పూర్తిచేసికొన్నవారి కథయే ఇచ్చట చెప్పదలచినది.

పేటెంటుల మాట క్లుప్తముగా చెప్పవచ్చును. అయస్కాంతక్షేత్రమునందు తీగచుట్ట నుంచి విద్యుత్తును ప్రవహింపజేసినచో అది ముందువెనుకలకు కదలునను సూత్రమును ఎర్నెస్ట్ వెర్నర్ సీమెన్స్ 1874లో పేటెంటు పత్రమున వర్ణించెను. ఇంగ్లండున ఆలివర్ లాడ్జి 1898లో దానిని మెరుగుపరచెను. అయినను విద్యుత్ సంకేతమును పెద్దది చేయు వాల్వులు రానంతవరకు అది పత్రములందే నిలిచిపోయెను. కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడ్హామ్ అను ఇరువురు మిత్రులు 1915లో అట్టి చుట్టకు గ్రామఫోను బూరను తగిలించి, మనుష్యకంఠమును ఊరెల్ల మారుమ్రోగునట్లు చేసిరి. చేతికందిన బూరయే ఆ తొలి యంత్రమునకును దిక్కయ్యెనన్నది గమనింపదగిన విషయము. 1919లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాండియాగో నగరమున వేలకొలది జనులనుద్దేశించి ప్రసంగించినపుడు, ఆయన కంఠమును మోసినది వారి యంత్రమే.

నేడు మన యిండ్లలోనున్న స్పీకరునకు సాక్షాత్తు పితామహులు మాత్రము చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనువారు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచు వీరు 1925లో ప్రకటించిన పరిశోధనపత్రము బూరను తొలగించి, చిన్న కాగితపు కోనును మెత్తని అంచుతో నిలిపి, పలకకు బిగించి, దానిచే గంభీరస్వరములను సైతము పలికింపవచ్చునని నిరూపించెను. మరుసటి ఏట ఆర్.సి.ఎ. వారు ఆ పద్ధతిని రేడియోలా 104 అను పేర విపణికి తెచ్చిరి గాని, 250 డాలర్ల వెలగల ఆ వస్తువు సామాన్యగృహస్థునకు అందుబాటులో లేదు. అందనివాడు ఏమి చేసెను? తలుపు చెక్కకు రంధ్రము తొలిచి, విడిగా కొన్న స్పీకరును దానికి బిగించెను.

ఆ చెక్క ఎందులకో కొంచెము నిదానించి చెప్పవలసియున్నది; గృహస్థుల ప్రయోగములన్నింటికిని మూలము అచ్చటనే కలదు. కోను ముందునకు కదలినపుడు ఎదుటి గాలి ఒత్తుకొనును, సరిగా ఆ క్షణముననే వెనుకటి గాలి పలుచబడును. మంద్రస్వరముల తరంగములు మిక్కిలి పొడవైనవి. సెకనుకు 100 కంపనములుగల స్వరమునకు తరంగదైర్ఘ్యము సుమారు 3.4 మీటర్లు. అంతటి పొడవైన తరంగమునకు అరచేతియంత స్పీకరు అడ్డే కాదు. అది అంచును చుట్టివచ్చి, ముందరి ఒత్తిడిని వెనుకటి పలుచదనముతో పూరించి వేయును. విడి స్పీకరును చేతబట్టుకొని పాట వినినపుడు అది కీచుమని పలుకుటకు కారణమిదియే. మృదంగధ్వని అందు పుట్టక పోలేదు, పుట్టినచోటనే రద్దగుచున్నది. ముందువెనుకల గాలులను వేరుచేయు అడ్డుగోడ కావలెను. 100 హెర్ట్జ్ వరకైనను చక్కగా వినబడవలెనన్నచో, ఆ చెక్క దాదాపు మీటరున్నర వెడల్పు ఉండవలెను. అందుచే కొందరు గోడకు తాపిన అలమార తలుపునకే స్పీకరును బిగించి, అలమారలోని దుస్తులనే వెనుకటి ధ్వనిని మ్రింగు మెత్తగా వాడుకొనిరి. ఇంతకన్న చవుకయైన పద్ధతి ఇప్పటికిని లేదు.

చెక్క గదినంతను ఆక్రమించుచుండగా దానిని నాలుగు ప్రక్కల మడిచి పెట్టెగా చేయుట సహజము. అయితే మూసిన పెట్టెలో గాలి బిగుసుకొని కోనును కదలనీయదు. తెరచిన పెట్టెలో మరల మొదటి దోషమే. ఈ సందిగ్ధమునకు బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1930లో కోరిన పేటెంటు పరిష్కారము చూపెను. పెట్టెకు కొలతప్రకారము ఒక రంధ్రము ఉంచినచో, రంధ్రములోని గాలి బరువుగాను, పెట్టెలోని గాలి స్ప్రింగుగాను పనిచేసి, వెనుకటి ధ్వనిని త్రిప్పి ముందరి ధ్వనికి తోడుగా పంపును. ఇందలి భౌతికశాస్త్రము జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్స్ పందొమ్మిదవ శతాబ్దముననే పరిశీలించిన బోలు పాత్రల అనునాదమే. ఇంకను వెనుకకు పోయినచో, రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ తన గ్రంథమునందు నాటకశాలల ఆసనముల క్రింద కంచు పాత్రలను స్వరానుగుణముగా అమర్చు విధమును వివరించి, ధనబలము లేని చిన్న పట్టణములలో నేర్పరులైన స్థపతులు వానికి బదులు మట్టి పాత్రలను వాడి పని సాధించిరని చెప్పియున్నాడు. లోహము కొనలేనివాడు మట్టి నాశ్రయించుట అంత ప్రాచీనము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండున స్పీకరు పెట్టెను స్వయముగా కట్టుకొను అభిరుచి విశేషముగా ప్రబలెను. సైన్యము వదలివేసిన విద్యుత్ సామగ్రి చవుకగా దొరకుచుండెను. క్రొత్త ఫర్నిచరు మాత్రము సులభముగా దొరకకుండెను. ఆ కాలమున గృహప్రయోగశీలురకు గురుస్థానమున నిలిచినవాడు గిల్బర్ట్ బ్రిగ్స్. 1932లో ఇల్క్‌లీ పట్టణమున తన యింటి నేలమాళిగలో స్పీకరులు చేయ నారంభించి, వార్ఫ్‌డేల్ సంస్థను స్థాపించిన ఈయన, స్పీకరులను అమ్ముకొనువాడైయుండియు, పెట్టెను ఎవరికి వారు ఎట్లు కట్టుకొనవలెనో 1948లో ఒక గ్రంథము వ్రాసి చెప్పెను. గది మూలను ఇటుకలతో స్పీకరు గూడు కట్టుమనెను. రెండు ప్లైవుడ్డు పలకల నడుమ పొడి ఇసుకను పోసి బిగించుమనెను. ఇటుకకును, ఇసుకకును ఉన్న గుణము ఒక్కటే: అవి కంపింపవు. తన సరుకును గూర్చిన రహస్యములను కొనువానికే అప్పగించిన ఆ వర్తకుని ఔదార్యము మిక్కిలి గౌరవింపదగినది.

అమెరికాలో ఎడ్గార్ విల్చర్ కథ మరియొక రకము. ధ్వనిపునరుత్పత్తిని గూర్చి న్యూయార్క్ విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండిన ఈయనకు, బిగుసుకొన్న గాలి దోషమేల కావలెను, దానినే స్ప్రింగుగా వాడుకొనరాదా యను ఆలోచన కలిగెను. కోను అంచు అత్యంతము మెత్తగా ఉండి, దానిని యథాస్థానమునకు తెచ్చు పనిని పూర్తిగా మూసిన పెట్టెలోని గాలియే చేయవలెను. అట్టి స్పీకరు అంగడిలో లేదు. పాత స్పీకరు అంచును కత్తిరించివేసి, పరుపు గలీబులకు వాడు గుడ్డను వలయముగా అమర్చి, ఆయన తన నమూనాను సిద్ధపరచెను. పెద్ద సంస్థలు ఆ యోచనను తిరస్కరింపగా, శిష్యుడైన హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అకూస్టిక్ రీసర్చ్ అను సంస్థను నెలకొల్పి ఏ.ఆర్. 1 అను స్పీకరును విడుదల చేసెను. బీరువాయంత పెట్టె పలుకు మంద్రము పుస్తకపు అరలో పట్టు పెట్టెనుండి వచ్చుట విని జనులు ఆశ్చర్యపడిరి. పరుపు గుడ్డ లేనిదే ఆ శకము ఆరంభము కాకుండెడిదేమో.

మన దేశమున రేడియోయే అభిరుచిగలవారి చేతులమీదుగా ప్రవేశించినది; 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారము నారంభించినపుడు ప్రభుత్వ సంస్థ ఏదియు లేదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న పలుకనారంభించిన పిమ్మట, పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి కొన్న కొయ్యపెట్టె రేడియో తెలుగు లోగిళ్లలో వెలసెను. కాలక్రమమున వాల్వులు మాడిపోయినను స్పీకరు మాత్రము చెడక మిగులుచుండెను. ట్రాన్సిస్టరులు వచ్చి, ఆ పిదప టేపురికార్డరులు వచ్చి, వానిలోని చిన్న స్పీకరుల పలుచని ధ్వనితో తృప్తిపడనివారు అటుకమీది పాత స్పీకరును దింపి, దానికి తగిన పెట్టె కొరకు వెదకిరి. వడ్రంగి కూలియు, టేకు వెలయు భరింపరానివి; కుండ మాత్రము ప్రతి సంతలో కలదు. ఇట్లు వెలసినది మన కుండ స్పీకరు.

దీనిని పల్లెటూరి వేడుకయని తేలికగా చూచువారు కలరు, అది అన్యాయము. కుండకు ఎదురెదురు సమతల గోడలు లేవు గనుక పెట్టెలలోవలె వానినడుమ తరంగములు నిలిచి కొన్ని స్వరములను ఉబ్బించు దోషము తక్కువ. వంపు తిరిగిన కాల్చిన మన్ను పలుచని ప్లైవుడ్డుకంటె గట్టిగా నిలుచును. కొనునపుడు ఇల్లాలు వ్రేలితో తట్టి కంగుమను నాదమును పరీక్షించుట పగులు తెలియుటకే గదా. స్పీకరునకును ఆ పరీక్షయే చాలును, పగిలిన కుండ గాలిని కారనిచ్చి గరగర లాడును. వంకరగానుండు మూతిపై స్పీకరు సరిగా కూర్చుండుటకు పాత సైకిలు ట్యూబును వలయముగా కత్తిరించి మెత్తగా వేయుదురు. అడుగున కుదురు పెట్టుదురు. గది మూలను ఉంచినచో రెండు గోడలును నేలయు కలిసి మంద్రమును బలపరచును. అర్కాన్సాస్ రాష్ట్రమున పాల్ క్లిప్ష్ 1940వ దశకమున తన ప్రసిద్ధమైన స్పీకరును మూలకొరకే నిర్మించుట ఇట్టి కారణముచేతనే.

ఒక్క దోషమును మాత్రము దాచరాదు. ఎనిమిదంగుళముల స్పీకరును చిన్న కడవపై బోర్లించినచో లోపలి గాలి చాలక, ప్రతి మంద్రస్వరమును ఒక్క శ్రుతిలోనే ధుమ్ము ధుమ్మని పలుకును. దానినే బలమని మురిసిపోవువారికి మృదంగమునకును డోలునకును భేదము తెలియకుండ పోవును. కడవకు బదులు బాన వాడవలెను. లోపల బూరుగుదూదిని వదులుగా నింపవలెను. దూది గాలిలోని వేడిని గ్రహించుచు విడుచుచు, పాత్ర ఉన్నదానికంటె కొంత పెద్దదైనట్లు కోనునకు తోపింపజేయును.

వీణను చూచి స్పీకరు పెట్టె చేయువారు చాలమంది పొరబడుచున్నారు. బొబ్బిలిలో పనసమానును తొలిచి వీణ చేయుదురు. తంత్రితో కూడ కొయ్యయు పలుకుటయే ఆ వాద్యమునకు ప్రాణము. స్పీకరు పెట్టెకు తన పలుకు ఉండరాదు. అది పలికినచో ఘంటసాల కంఠమునకును, నాదస్వరమునకును ఒకే కొయ్యవాసన అంటును. అందుచే లోపల అడ్డుకర్రలు కొట్టి, మందమైన చెక్క వాడి, పెట్టెను ఎంత మూగదిగా చేసిన అంత మేలు.

1980వ దశకమునుండి హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీవంటి అంగడులు ఈ పనికి ఆటపట్టులయ్యెను. జపాను సాన్యో సంస్థ చేసిన 4440 అను ఐ.సి.తో కూర్చిన చవుక ఆంప్లిఫయరు బోర్డు 12 వోల్టుల బ్యాటరీతోనే పలుకును గనుక కుర్రకారునకు ప్రాణప్రదమయ్యెను. తారస్వరములను పలుకు చిన్న స్పీకరగు ట్వీటరుకు మంద్రస్వరములు పోకుండ ఆపు కెపాసిటరు దొరకనపుడు, రేడియోలనుండి ఊడదీసిన 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరులు రెంటిని ధనధ్రువములు కలియునట్లు వరుసగా అతికినచో, ధ్రువభేదము లేని 5 మైక్రోఫారడ్లు లభించును; 8 ఓముల ట్వీటరుకు అది సుమారు 4 వేల హెర్ట్జ్ దిగువనున్న ధ్వనిని తగ్గించును.

ఇంతవరకు చెప్పిన పనులన్నియు చెవితోడను, ఊహతోడను నడచినవి. వీనికి గణితపు పునాది వేసినవాడు ఆస్ట్రేలియా దేశీయుడైన నెవిల్ థీల్. రంధ్రముగల పెట్టెలను గూర్చి 1961లో ఆయన వ్రాసిన పత్రము స్వదేశపు పత్రికలో పదేండ్లు మరుగుపడియుండి, 1971లో అమెరికాలో పునర్ముద్రితమైన పిదపనే లోకమునకు తెలిసెను. సిడ్నీలో పరిశోధన సాగించిన రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించెను. స్పీకరు సహజకంపన సంఖ్య, దాని అంచు మెత్తదనము మొదలగు కొన్ని విలువలు కొలిచినచో, దానికి ఎన్ని లీటర్ల పెట్టె కావలెనో కాగితముమీదనే తేల్చవచ్చును. ఈ గణితమువలన పాత సామాను విలువ తగ్గలేదు సరిగదా, పేరు ఊరు లేని పాత స్పీకరునకు సైతము దాని కొలతనుబట్టి తగిన పెట్టె కట్టు మార్గము ఏర్పడెను.

కావున పాఠకులకు ఒక్క విన్నపము. చెడిన టీవీనో, టేపురికార్డరునో పాతయినుము వానికి తూచి వేయుటకు ముందు అందలి స్పీకరును ఊడదీయుడు. ఒకటిన్నర వోల్టు బ్యాటరీని దాని కొసలకు క్షణకాలము తాకింపుడు. టక్కుమని కోను కదలినచో తీగచుట్ట సజీవముగా నున్నదన్నమాట. కోను చిరిగియున్నచో పలుచని కాగితమును పలుచని జిగురుతో అతుకుడు. అంచుపట్టి మెల్లగా నొక్కినపుడు లోపల గీసికొనని స్పీకరు ఏదైనను ఇంకను పనికివచ్చును. రెండు స్పీకరులను కలుపునపుడు మాత్రము, బ్యాటరీ తాకించిన వేళ రెండును ఒకేవైపు కదలుటను సరిచూచుకొని మరీ కలుపుడు.