చెమట పట్టని ఆట

స్వర్ణోత్సవాల గుర్తుగా మన బడిలో ఏటా క్రీడా బహుమతులు ఇచ్చేందుకు శాశ్వత నిధి పెట్టాలని సంఘం కార్యవర్గం తీర్మానించింది. ఏయే ఆటలకు ఇవ్వాలో జాబితా రాసే పని నాకు అప్పగించారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగుపందేలు. ఇంతవరకూ కలం ఆగకుండా నడిచింది. అయిదో పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పేరు చదరంగం. ఎందుకు ఆగిందో చెప్పాలంటే మన సంఘం పుట్టడానికి రెండేళ్ల ముందుకు, 1973కి వెళ్లాలి.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమంతో బళ్లు మూతబడ్డ సంగతి మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నెలల తరబడి పిల్లలకు పని లేదు. అంతకు కొద్ది నెలల ముందే ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో అమెరికాకు చెందిన బాబీ ఫిషర్, సోవియట్ యూనియన్‌కు చెందిన బోరిస్ స్పాస్కీని ఓడించి ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. ఆ వార్తలు మా ఊరి గ్రంథాలయం దాకా వచ్చాయి. బళ్లు లేని ఆ రోజుల్లో అరుగుల మీద సుద్దముక్కతో అరవై నాలుగు గళ్లు గీసి, చింతగింజలూ సోడామూతలూ బంట్లుగా పెట్టి ఆడటం మొదలుపెట్టాం.

మా తరగతిలో ఒక మిత్రుడు ఉండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. డ్రిల్లు పీరియడులో మేం మైదానంలో ఉంటే, అతను వేపచెట్టు కింద కూర్చుని మా చెప్పులకూ చొక్కాలకూ కాపలా కాసేవాడు. బళ్లు తిరిగి తెరిచేసరికి ఊళ్లో అతన్ని చదరంగంలో ఓడించేవాడు లేకుండా పోయాడు. పంచాయతీ గుమాస్తాగారు కూడా ఓడిపోయి, మర్నాడు మళ్లీ వచ్చేవారు.

ఆ ఏడు ఆటల పోటీల్లో చదరంగానికి కూడా బహుమతి పెడదామని సోషలు మాస్టారు అన్నారు. డ్రిల్లు మాస్టారు ఒప్పుకోలేదు. 'చెమట పట్టనిది ఆటేమిటండీ, కాలక్షేపం గానీ!' అన్నారు. హెడ్మాస్టరుగారు ఇద్దరినీ నొప్పించలేక ఆ తగువును వక్తృత్వపు పోటీ చేసేశారు. 'చదరంగం క్రీడయా, కాలక్షేపమా?' అన్నది విషయం. నేను కాలక్షేపం పక్షం. మూడు వాదాలు చెప్పాను. ఒకటి, ఒళ్లు కదలనిది క్రీడ కాదు. రెండు, ఒలింపిక్స్‌లో లేనిది క్రీడ కాదు. మూడు, కూర్చుని ఆడేదాన్ని క్రీడ అంటే రేపు పేకాటను కూడా అనాల్సి వస్తుంది. మూడోదానికి చప్పట్లు మోగాయి. నాకు మొదటి బహుమతి, చదరంగానికి ఉద్వాసన. మిత్రుడు వచ్చి, 'బాగా మాట్లాడావురా' అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. తర్వాత చరిత్ర చదువుకుని, చరిత్రే చెప్పుకుని బతికాను. ఆ మూడు వాదాలూ ఎంత పస లేనివో ఒక్కొక్కటే తెలుస్తూ వచ్చింది. వాటిని ఇక్కడ వరసగా విప్పిచూస్తాను.

మొదటిది, ఒంటి కష్టం. కష్టమే కొలత అయితే మన చెడుగుడు పుట్టినరోజునే క్రీడ అయ్యుండాలి. కానీ కాలేదు. చాలాకాలం అది ఊరి ఆటే. మనకు చెడుగుడు, మహారాష్ట్రలో హుతూతూ, బెంగాల్‌లో హడుడు. ఎవరి గీత వారిది, ఎవరి కూత వారిది. ఆడే పద్ధతులే మూడు. అవుటైనవాడు అవతలివాడు అవుటైతే మళ్లీ బతికేది సంజీవని. ఒకసారి అవుటైతే ఇక తిరిగిరానిది గామినీ. ఎవరూ బయటికి పోకుండా పాయింట్లు మాత్రమే లెక్కకట్టేది అమర్. 1920ల నాటికి మహారాష్ట్రలో నియమాలను ఒక దారికి తెచ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి బృందం ఈ ఆటను అక్కడ ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శనగా ఆడారు. 1990లో బీజింగ్‌లో పతకాల పట్టికకు ఎక్కింది.

ఇన్నేళ్లలో ఆటగాడు పడే కష్టం ఏమీ పెరగలేదు. పెరిగింది కొలత. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు బరి, ఏడుగురు ఆటగాళ్లు, 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఊపిరి నిలిచినంతసేపు అన్న పాత కొలత చోట 30 సెకన్ల గడియారం వచ్చింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. ఊరు దాటి ఎక్కడ ఆడినా ఒకటే లెక్క అయ్యాకే ప్రపంచం దాన్ని క్రీడ అంది. అలా అన్నాక అది మన ఒక్కరిదీ కాకుండా పోయింది కూడా. 1990 నుంచి 2014 దాకా ఏడుసార్లు వరసగా స్వర్ణం తెచ్చిన మన పురుషుల జట్టును 2018లో జకార్తాలో ఇరాన్ సెమీఫైనల్లోనే ఇంటికి పంపింది.

ఒంటి కష్టం ఉన్నా క్రీడ అవునో కాదో తేలని ముచ్చట ఇంకొకటి ఉంది. అది యోగా. మన కేంద్ర క్రీడాశాఖ 2015లో యోగాను క్రీడగా గుర్తించింది. 2016 డిసెంబరులో, ఇందులో పోటీకి వీల్లేని అంగాలు చాలా ఉన్నాయంటూ ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. 2020 డిసెంబరులో యోగాసనాలను మాత్రం పోటీ క్రీడగా మళ్లీ గుర్తించింది. ఆసనం మారలేదు, వేసేవాడి వెన్నెముకా మారలేదు. మార్కులు వేసే పద్ధతి కుదిరిందా లేదా అన్నదే తేడా.

రెండోది, ఒలింపిక్స్. అదేదో రాతిశాసనం అన్నట్టు మాట్లాడాను నేను. నిజానికి అది రాసి, చెరిపి, మళ్లీ రాసే పలక. మన బడి వార్షికోత్సవాల్లో మాస్టార్లూ పూర్వవిద్యార్థులూ సరదాకి ఆడే తాడులాగుడు 1900 నుంచి 1920 వరకు ఒలింపిక్ క్రీడ. 1912 నుంచి 1948 వరకు సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, వాస్తుకళలకు కూడా ఒలింపిక్ పతకాలు ఇచ్చారు. ఆధునిక ఒలింపిక్స్‌కు ప్రాణం పోసిన పియర్ ది కూబెర్తె స్వయంగా 1912లో మారుపేరుతో ఒక కవిత పంపి సాహిత్యంలో స్వర్ణం గెలుచుకున్నాడు. కవిత రాయడానికి ఎంత చెమట పట్టిందో మనకు తెలియదు!

చదరంగం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1924లో ప్యారిస్‌లో ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లోనే, అదే ఊళ్లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య పుట్టింది. ఆ సమాఖ్యను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తించింది మాత్రం 1999లో. గుర్తింపు వచ్చింది గానీ పతకాల పోటీల్లో చోటు ఇప్పటికీ లేదు. ఆసియా క్రీడల్లో 2006లో దోహాలో చోటిచ్చారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి అక్కడ మహిళల స్వర్ణం గెలిచింది. గుంటూరు కుర్రాడు హరికృష్ణ, చెన్నైకి చెందిన శశికిరణ్‌లతో కలిసి జట్టు స్వర్ణమూ తెచ్చింది. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్లలో హరికృష్ణ, వరంగల్‌కు చెందిన అర్జున్, గుంటూరుకు చెందిన హారిక ఉన్నారు.

వీటన్నిటికంటే నన్ను సిగ్గుపడేలా చేసిన సంగతి వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వం అర్జున అవార్డులు మొదలుపెట్టింది 1961లో. ఆ మొదటి ఏడాదే అవార్డు అందుకున్నవారిలో చదరంగ ఆటగాడు మాన్యువల్ ఆరన్ ఒకరు. అంటే నేను మన బడి వేదిక మీద నిలబడి చదరంగం క్రీడ కాదని గొంతు చించుకునేనాటికి, అది క్రీడేనని మన ప్రభుత్వం చెప్పి పన్నెండేళ్లయింది. నాకు తెలియదు. బహుమతి ఇచ్చినవాళ్లకూ తెలియదు. తర్వాత ఖేల్‌రత్న పెట్టినప్పుడు కూడా 1991-92 సంవత్సరానికి మొదట అందుకున్నది చదరంగ ఆటగాడు విశ్వనాథన్ ఆనందే.

మూడోది, చప్పట్లు కొట్టించిన పేకాట. దీనికి జవాబు కూడా అప్పటికే ఉంది, అదీ మన తెలుగునేల మీది వ్యాజ్యంలో. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు కేసు పెట్టారు. మన రాష్ట్ర ప్రభుత్వమే ఒక పక్షంగా ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో లెక్క వేయాలి. కాబట్టి అది ప్రధానంగా నేర్పు మీద ఆధారపడ్డ ఆట అని కోర్టు అంది. ఆడించేవాళ్లు దానిమీద లాభం గుంజుకుంటే సంగతి వేరని కూడా చెప్పింది. గమనించండి, కోర్టు రమ్మీని క్రీడ అనలేదు. జూదం కాదంది. క్రీడకూ జూదానికీ మధ్య చాలా చోటుంది. ఆ చోటు నాకు పదో తరగతిలో కనబడలేదు.

పేకముక్కలతోనే ఆడే బ్రిడ్జి సంగతి చూస్తే ఈ తగువు అసలు రంగు బయటపడుతుంది. ఇంగ్లండులో ఆ ఆట సంఘం తమను క్రీడగా గుర్తించాలని కోర్టుకెక్కి 2015లో ఓడిపోయింది. పన్ను మినహాయింపు కోసం వేసిన ఇంకో వ్యాజ్యంలో 2017లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, చెప్పుకోదగ్గ శారీరక అంశం లేదు గనుక పన్ను చట్టం దృష్టిలో అది క్రీడ కాదంది. ఆ మరుసటి ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అదే బ్రిడ్జిలో మన దేశానికి స్వర్ణం తెచ్చారు. బర్ధన్‌గారికి అప్పటికి 60 ఏళ్లు.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. 'ఇది క్రీడేనా?' అన్న ప్రశ్నకు అడిగేవాణ్ణి బట్టి జవాబు మారుతుంది. పోలీసు అడిగేది జూదమా కాదా అని. పన్ను అధికారి అడిగేది మినహాయింపు ఇవ్వాలా అని. క్రీడాశాఖ అడిగేది గ్రాంటు, ఉద్యోగాల కోటా ఎవరికి అని. అందుకే ఈ తగువు ఎన్నడూ ఉత్త మాటల తగువు కాదు. దాని వెనక ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు, లోపలికి రానిస్తారా లేదా అని చూస్తూ. 1973లో మన బడిలో అడిగిన ప్రశ్న కూడా అలాంటిదే. వేపచెట్టు కింద కూర్చున్నవాడికి ఒక బహుమతి దక్కుతుందా లేదా అన్నదే ఆ ప్రశ్న. మేం దాన్ని పదాల అర్థం కింద మార్చేశాం.

డ్రిల్లు మాస్టారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారంలో మూడు పీరియడ్లు, రెండు బంతులు, ఒక మైదానం. వాటితో మూడొందల మంది పిల్లల ఒళ్లు గట్టిపడాలని తాపత్రయపడ్డ మనిషి ఆయన. కూర్చునే ఆటకు తలుపు తీస్తే మైదానం ఖాళీ అవుతుందని భయపడ్డారు. ఈనాటి పిల్లల్ని చూస్తే ఆ భయం ఉత్తది కాదని ఒప్పుకోవాలి. 2022 డిసెంబరులో కేంద్రం ఇ-స్పోర్ట్స్‌ను కూడా క్రీడాశాఖ కిందికి తెచ్చింది. రేపు మన పిల్లలు వాటికీ బహుమతి అడుగుతారు. అప్పుడు మళ్లీ ఇదే చర్చ. ఆనాడు మేమెవరం అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. తొక్కుడుబిళ్ల ఒంటికాలి మీద గంటసేపు ఆడే ఆడపిల్లలకు పట్టినంత చెమట మా వాలీబాల్‌లో పట్టేదా? చెమటే కొలత అన్న రోజున కూడా ఆ ఆటను ఎవరూ క్రీడ అనలేదు. మహిళల కబడ్డీ ఆసియా క్రీడలకు ఎక్కడానికి కూడా 2010 దాకా ఆగాల్సి వచ్చింది.

జాబితా కోసం నేను పెట్టుకున్న కొలతలు నాలుగు. నియమాలు అందరికీ ఒకటే కావాలి. ఎదుట ఒక పోటీదారో ఒక కొలతో ఉండాలి. సాధన చేసినకొద్దీ నేర్పు పెరగాలి. గెలుపు ఆ నేర్పు వల్లే రావాలి, పాచిక వల్ల కాదు. చెమటను కొలతల్లో చేర్చలేదు. దానికి బదులు, మాస్టారి మాట నిలబెట్టడానికి, నిధిలో సగం తప్పకుండా మైదానం ఆటలకే ఖర్చు చేయాలని ఒక షరతు రాశాను. అయిదో పేరు చదరంగం. కార్యవర్గం ఏమంటుందో చూడాలి.

రాయడం అయ్యాక మిత్రుడికి ఫోన్ చేసి జాబితా చదివి వినిపించాను. యాభై రెండేళ్ల కిందటి నా ఉపన్యాసం సంగతి కూడా ఎత్తాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'అది సరే గానీ, క్యారమ్స్ రాశావా?' అని అడిగాడు. రాయలేదు. 1996 సంవత్సరానికి మరియా ఇరుదయం అనే క్యారమ్స్ ఆటగాడికి కూడా అర్జున అవార్డు వచ్చిందని తెలిసి ఉండి కూడా రాయలేదు. ఆరో పేరుగా ఇప్పుడు చేర్చాను.