కంటోన్మెంటు దాటని వైద్యం

మిలిటరీలో చేసి వచ్చిన పల్లెటూరి మనిషికి వైద్యం ఎందుకు అందదంటే, రోడ్లు బాగుండవనీ డాక్టర్లు పల్లెలకు రారనీ చెప్పి ఊరుకుంటారు. అవి ఊరందరికీ ఉన్న కష్టాలే. మాజీ సైనికుడి కష్టానికి వేరే చరిత్ర ఉంది. మనిషిని తీసుకున్నది ఊరినుంచి, అతని వైద్యాన్ని నిలిపింది మాత్రం పటాలం ఉన్నచోట. తెలుగు జిల్లాల్లో ఈ ఎడం మరీ ఎక్కువ. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు దండిగా ఉన్న రోజుల్లో మచిలీపట్నం, సామర్లకోట, విజయనగరంలో దండులుండేవి. 1857 తర్వాత, కొన్ని జాతులే పోరాటానికి పనికొస్తాయనే 'యుద్ధ జాతుల' వాదం బలపడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయి మీద గురి లేదు. ఆ తర్వాత ఆయనే భారత సేన మొత్తానికి అధిపతి అయ్యాడు. తెలుగువాళ్ల భర్తీ సన్నగిల్లింది, కోస్తా దండులు ఖాళీ అయ్యాయి. విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేట పేరు మాత్రం మిగిలింది. పెద్ద సైనిక ఆసుపత్రి కావాలంటే సికింద్రాబాద్ పోవాలి, లేదా తర్వాతి కాలంలో నౌకాదళం ధర్మమా అని విశాఖలో వెలసిన కళ్యాణి ఆసుపత్రికి.

ప్రపంచ యుద్ధాలు వచ్చేసరికి అదే బ్రిటిష్ ప్రభుత్వానికి అవే ఊళ్ల మనుషులు మళ్లీ కావలసివచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఎంతమంది వెళ్లారంటే ఊరి పేరే మిలిటరీ మాధవరం అయింది. అక్కడినుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. సైనిక ఆసుపత్రి ఉన్నది కొలువులో ఉన్నవాడి కోసం, పటాలం ఉన్నచోటే కట్టాలి కదా అనవచ్చు. నిజమే. కానీ ఊళ్లను చేరడం సర్కారుకు చేతకాని పనేమీ కాదు. 1919లోనే ఇండియన్ సోల్జర్స్ బోర్డు పెట్టారు. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు అదే మూలం. జిల్లాల్లోని బోర్డుల ద్వారా పింఛను తగాదాలు, కుటుంబాల అర్జీలు ఊళ్లనుంచే అందుకున్నారు. వైద్యం మాత్రం ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉంటే చూద్దాం అన్న దగ్గరే చాలాకాలం ఆగిపోయింది.

2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ మొదలవడంతో ఈ లెక్క మారిందనేవాళ్లున్నారు. కొంత మారింది, కాదనను. మొదట 227 పాలీక్లినిక్‌లు మంజూరు చేశారు, 2010లో మరో 199. కంటోన్మెంటు లేని పట్టణాలకూ అవి వచ్చాయి, పథకం జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో చేతి డబ్బు పెట్టకుండా వైద్యం దొరికింది. అయితే పథకం నడక చూడండి. షుగరు బిళ్లలకైనా మామూలుగా పాలీక్లినిక్‌కే పోవాలి. ఆసుపత్రిలో చేరాలంటే చాలావరకు అక్కడి రిఫరల్ కాగితం కావాలి. ప్రాణం మీదికొచ్చి జాబితాలో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లో కబురు పెట్టాలి. పట్నంలో స్థిరపడిన అధికారికి ఇది ఒక ఫోనుతో అయ్యే పని. మన్యం అంచున ఒంటరిగా ఉండే హవల్దారు భార్యకు అదొక పరీక్ష. పైగా పథకం పునాది పింఛను. రెండో యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం సుమారు 25 లక్షలు. అందులో చాలామందిని పింఛను లేకుండానే ఇంటికి పంపారు. వాళ్లలో బతికున్నవాళ్లకు ఈసీహెచ్‌ఎస్ తలుపు తెరిచింది 2019లో. 1945లో ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పటికి 94.

ఆరోగ్యశ్రీ ఉందిగా, మళ్లీ వేరే ఏర్పాటెందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. 2007లో ఆ పథకం పుట్టింది పేద కుటుంబాల పెద్ద జబ్బుల కోసం. పింఛను అందుకునే జవానుకు అది అందినా, నెలనెలా వాడే బీపీ మందులు దాని పని కాదు. ఊరికొక పాలీక్లినిక్ కట్టమనడం అత్యాశే, అంతమంది మాజీ సైనికులు చాలా ఊళ్లలో ఉండరు. కానీ అసలు కట్టడమే ఎందుకు? మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎలాగూ ఉంది. నెల మందులు అక్కడ ఇచ్చి, రిఫరల్ కాగితం అక్కడి డాక్టరు రాసినా చెల్లేటట్లు చూస్తే చాలు. ఖర్చు రక్షణ శాఖది, ఆసుపత్రి రాష్ట్రానిది. ఆ రెండు ఖాతాలు కలపడమే ఇందులో ఉన్న కష్టమంతా.