గేటు లోపలి ఊరు: ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్, పురపాలన చరిత్ర

హైదరాబాదులోనో విశాఖలోనో మీరు నివసిస్తున్నట్లయితే 'గేటెడ్ కమ్యూనిటీ' అనే మాట మీకు కొత్తకాదు. చుట్టూ ప్రహరీ, ముందు కాపలాదారు, లోపల సొంత రోడ్లు, సొంత నీటి ఏర్పాటు, సొంత చెత్తబండి. ఆ గేటు లోపల పురపాలక సంఘం మాట ఎంతవరకు చెల్లుతుంది? పన్ను ఎవరు కట్టాలి, దీపం ఎవరు వెలిగించాలి, లోపలివాడికి కష్టం వస్తే ఎవరి తలుపు తట్టాలి? ఈ ప్రశ్నలు నిన్నమొన్నటివని చాలామంది అనుకుంటారు. కాని తెలుగువారిలో ఒక పెద్ద సమూహం వీటిని వందేళ్లకు పైగా అనుభవిస్తూనే ఉంది. వారు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల తెలుగువారు. ఆ కాలనీలలో ఒకదాని పేరు ట్రాఫిక్. హైదరాబాదు గేటు లోపల ఇల్లు నివాసిదే, ఖరగ్‌పూర్‌లో ఇల్లు యాజమాన్యానిది. ఈ తేడాను మనసులో ఉంచుకుని ముందుకు వెళదాం.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరా, నాగపూరు, కటకం మార్గాలు కలిసే చోటుగా ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌ను ఎంచుకుంది. 1898 నుంచి 1900 వరకు ఒక్కొక్క మార్గమూ తెరుచుకుంది. 1898లో మొదలైన వర్క్‌షాపు 1904 నాటికి పూర్తయింది. దక్షిణాన విజయవాడ నుంచి కటకం వరకు తూర్పు కోస్తా రైలుమార్గం 1890లలోనే సిద్ధమైంది. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చింది. ఈ విషయం చిన్నదిగా కనిపించినా మన కథకు మూలం ఇదే. వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల మనిషి రైలెక్కి నేరుగా ఖరగ్‌పూర్‌లో దిగగలిగాడు. కళాసీగా, ఫిట్టరుగా, గ్యాంగుమనిషిగా పనిలో కుదిరి, క్వార్టరు దొరకగానే కుటుంబాన్ని తెచ్చుకున్నాడు.

ఊరు కట్టింది కంపెనీయే. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, ట్రాఫిక్, నీంపురా, మథురాకాటి వంటి పేర్లు మీరు అక్కడ వింటారు. ట్రాఫిక్ అంటే మనం రోజూ తిట్టుకునే వాహనాల రద్దీ కాదు, రైళ్లు నడిపే శాఖ. పేటకు పేరు పెట్టడంలో మన ఊళ్లలో కులమో, దేవుడో, జమీందారో కనిపిస్తారు. ఇక్కడ ఆఫీసు శాఖ కనిపిస్తుంది. ఆ ఒక్క పేరు చాలు, ఊరు ఎవరిదో చెప్పడానికి.

రోడ్లు, మురుగు కాలువలు, నీటి సరఫరా, ఆసుపత్రి, బడి, ఆటస్థలం, బజారు అన్నీ రైల్వే ఏర్పాట్లే. వాటి నాణ్యత తీసివేయదగినది కాదు. చుట్టుపక్కల చాలా పట్టణాలకు లేని వసతులు సెటిల్‌మెంటులో ఉండేవి. అయితే ఆ వసతులు పౌరుడి హక్కుగా రాలేదు, ఉద్యోగి హోదాను బట్టి వచ్చాయి. బ్రిటిష్ కాలపు రైల్వే కాలనీలలో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు, భారతీయులకు వేర్వేరు బంగళాలు, వేర్వేరు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవన్నది తెలిసిన సంగతే. క్వార్టరు గదుల సంఖ్య జీతపు మెట్టును బట్టి ఉండేది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: పని ఇచ్చేవాడూ ఇల్లు ఇచ్చేవాడూ ఒక్కడే. పని పోతే ఇల్లూ పోతుంది.

దీని బరువు 1927లో తెలిసింది. ఆ సంవత్సరం బెంగాల్ నాగపూర్ రైల్వేలో రెండుసార్లు పెద్ద పోరాటం జరిగింది. మొదటిది ఫిబ్రవరిలో వచ్చిన సమ్మె. రెండవది సెప్టెంబరులో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగుల తగ్గింపుకు వ్యతిరేకంగా మొదలై డిసెంబరు దాకా సాగింది. ఆ కార్మికుల సంఘాన్ని నడిపినవారిలో ముఖ్యుడు, బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. సమ్మెను మనం సాధారణంగా జీతాల లెక్కగా చదువుకుంటాం. ఖరగ్‌పూర్‌లో అది ఇంటి లెక్క కూడా. వర్క్‌షాపు బయట నిలబడిన మనిషి సాయంత్రం తిరిగి వెళ్ళేది కంపెనీ ఇంటికే, తాగేది కంపెనీ కుళాయి నీరే.

ఇటువంటి ఊళ్ళు ప్రపంచంలో మరికొన్ని చోట్ల ఉన్నాయి. అమెరికాలో షికాగో పక్కన రైలు పెట్టెల తయారీదారు జార్జ్ పుల్మన్ 1880లో తన పేరుతోనే ఒక పట్టణం కట్టడం మొదలుపెట్టాడు. ఇళ్ళు చక్కనివే, వీధులు శుభ్రమైనవే. 1894లో కంపెనీ జీతాలు కోసింది, ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. ఫలితం దేశమంతా పాకిన రైల్వే సమ్మె. 1898లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు, పెట్టెలు తయారుచేయడానికి అనుమతి పొందిన కంపెనీకి పట్టణాన్ని సొంతం చేసుకుని నడిపే అధికారం లేదని, ఫ్యాక్టరీకి అవసరం లేని ఆస్తిని వదులుకోవాలని తీర్పు చెప్పింది.

మరొకటి 1946 నాటిది. అలబామా రాష్ట్రంలో చికసా అనే ఊరు ఓ నౌకా నిర్మాణ కంపెనీ సొంతం. గ్రేస్ మార్ష్ అనే మహిళ అక్కడి కాలిబాట మీద మత పత్రికలు పంచితే, అనుమతి లేకుండా ప్రైవేటు స్థలంలో ఉన్నావంటూ అరెస్టు చేశారు. అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. యజమాని తన స్థలాన్ని ప్రజల వాడకానికి ఎంతగా తెరిస్తే, అతని హక్కుకు అంతగా హద్దులు పడతాయన్నది ఆ తీర్పు సారం. నా ఉద్దేశంలో గేటెడ్ కమ్యూనిటీల గురించి ఆలోచించేవారు మొదట చదవవలసిన తీర్పు ఇదే.

ఖరగ్‌పూర్ కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ కంపెనీ తప్పుకుంది గాని దాని స్థానంలోకి పురపాలక సంఘం రాలేదు, కేంద్ర ప్రభుత్వం వచ్చింది. 1944 అక్టోబరు 1న బెంగాల్ నాగపూర్ రైల్వేను ప్రభుత్వం తన నిర్వహణలోకి తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. ఈ మధ్యలో, 1954లో ఖరగ్‌పూర్ పురపాలక సంఘం పుట్టింది. ఆ తర్వాత కూడా పట్టణం నడుమ ఉన్న సెటిల్‌మెంటు రైల్వే పాలనలోనే ఉండిపోయింది. జనగణన పుస్తకాల్లో కూడా అది వేరే పట్టణంగా నమోదవుతూ వచ్చింది. 2001 లెక్కల్లో దాని జనాభా సుమారు 88 వేలు. అంత జనం ఉన్న చోట ఎన్నికైన కౌన్సిలరు లేడంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు.

చట్టం ఏమంటుందో కొంచెం నిదానంగా చూద్దాం. 1890 నాటి రైల్వే చట్టంలోనే, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప రైల్వే స్థానిక సంస్థలకు పన్ను కట్టనక్కర లేదని ఉంది. 1989 చట్టంలోని 184వ సెక్షను అదే సూత్రాన్ని కొనసాగించింది. 11వ సెక్షను ప్రకారం రైల్వే తన అవసరాలకు ఇళ్ళూ కట్టడాలూ నిర్మించుకోవడానికి ఇతర చట్టాలు అడ్డురావు. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్రం ఆస్తికి రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయింపు ఇస్తుంది. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. రాజ్యాంగం అమలులోకి రాకముందు నుంచే ఏదైనా ఆస్తి మీద పన్ను పడుతూ ఉంటే, పార్లమెంటు మరోలా చెప్పేవరకు అది కొనసాగవచ్చు. కాని ఖరగ్‌పూర్ పురపాలక సంఘం పుట్టింది 1954లో, రాజ్యాంగం వచ్చిన నాలుగేళ్ళకు. కనుక ఆ వెసులుబాటు దానికి అందలేదు. నాలుగేళ్ళు ముందు పుట్టి ఉంటే కథ ఎలా ఉండేదో!

పన్నుకు బదులు సేవా రుసుము అనే మార్గం ఉంది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వివాదంలో 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఏర్పాటు ఇది: స్థానిక సంస్థ సేవలన్నీ వాడుకుంటే ఇంటి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏమీ వాడుకోకపోతే 33 శాతం పైచిలుకు కేంద్ర సంస్థలు చెల్లించాలి. ఏ సేవా అందుకోకపోయినా మూడో వంతు ఎందుకంటారా? గేటు లోపలి మనిషి కూడా గేటు దాటి బజారుకు వస్తాడు, ఊరి రోడ్డు మీదే నడుస్తాడు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ ప్రజలకు ఎన్నికైన పాలన ఉండాలన్నది దాని ఉద్దేశం. అయినా 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు మిగిలింది: పారిశ్రామిక సంస్థ తానే పురసేవలు అందిస్తున్న చోటును గవర్నరు పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు, అక్కడ పురపాలక సంఘం అవసరం లేదు. ఖరగ్‌పూర్‌లో ఆ దారి పట్టలేదు. రైల్వే కాలనీలను కూడా పురపాలక వార్డుల్లోకి తెచ్చారు. 2015, 2022 ఎన్నికలు 35 వార్డుల్లో జరిగాయి. వాటిలో 'రైల్వే వార్డులు' అని జనం పిలిచేవి ఉన్నాయి.

ఓటు వచ్చింది. నేల మాత్రం మారలేదు. రైల్వే భూమిలో రోడ్డు వేయాలన్నా, కాలువ తవ్వాలన్నా, వీధి కుళాయి పెట్టాలన్నా రైల్వే ఒప్పుకోవాలి. క్వార్టర్లలో ఉన్నవారికి ఇంజనీరింగు శాఖ ఉంది, ఫిర్యాదు చేసుకుంటారు. క్వార్టర్ల వెనుక రైల్వే స్థలంలోనే తరాలుగా బస్తీలు కట్టుకుని ఉన్నవారి సంగతి వేరు. వారిలో రైల్వేలో పనిచేసి రిటైరైన వారి పిల్లలూ మనవలూ ఉన్నారు. రైల్వే దృష్టిలో వారు అనధికార నివాసులు, 1971 నాటి ప్రభుత్వ ఆవరణల ఖాళీ చట్టం వారికి వర్తిస్తుంది. పురపాలక సంఘం దృష్టిలో వారు ఓటర్లు. ఒకే ఇంటికి ఒక కార్యాలయం ఓటరు చీటీ పంపుతుంది, ఇంకొక కార్యాలయం ఖాళీ నోటీసు పంపగలదు.

ఇప్పుడు హైదరాబాదు వైపు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో 168వ నంబరు ఉత్తర్వుతో భవన నిర్మాణ నియమాలు తెచ్చింది. 4,000 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాల్లో ఇటువంటి నివాస సముదాయం కట్టేవారు ఉమ్మడి ఖాళీ స్థలం వదలాలి. లోపలి భూములవారికి దారి ఉండేలా తమ స్థలంలోనే ఒక అంచున 12 మీటర్ల ప్రజా రహదారి వేయాలి. ఆ నియమం అనుమతి ఇచ్చే దశలోనే గేటు వెనుక ఉన్నవారిని గుర్తుంచుకుంది. ఖరగ్‌పూర్‌లో అనుమతి అడిగే దశే లేదు, ఊరికంటే ముందే గేటు వచ్చింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అదనపు అధికార భాషల్లో చేర్చింది, ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని. ట్రాఫిక్‌లోని తెలుగు కుటుంబం ఇప్పుడు తన భాషలో అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ నీటి కుళాయి గురించి అయితే, అది పురపాలక సంఘం నుంచి రైల్వే డివిజను కార్యాలయానికి వెళ్ళవలసిందే.