ఖొండలైట్

ఖొండలైట్ తూర్పు కనుమలలో విస్తారంగా లభించే రూపాంతర శిల. ఈ కొండలలో నివసించే ఖోండు తెగ పేరు మీదుగా 1902లో టి.ఎల్.వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టాడు. విశాఖపట్నం పరిసరాలలోని కొండలు ఎక్కువగా ఈ శిలతో ఏర్పడినవే.

ఏర్పడిన విధానం

నీటి అడుగున పొరలుగా పేరుకొన్న బంకమట్టి, ఇసుక గట్టిపడి మొదట అవక్షేప శిలలయ్యాయి. అవి భూమి లోతులకు చేరి, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం తీవ్రమైన వేడికి, ఒత్తిడికి గురై ఖొండలైట్‌గా మారాయి. బంకమట్టిలోని అల్యూమినియం వలన సిల్లిమనైట్, గార్నెట్ ఖనిజాలు ఏర్పడ్డాయి.

శైథిల్యం

పైనున్న పొరలు కోతకు గురై తొలగిపోవడంతో ఈ శిల బయటపడింది. వాన నీరు దీనిలోని సిలికాను కరిగించి తీసుకుపోగా కొన్ని కొండల పైభాగాన బాక్సైటు మిగిలింది.

ఒడిషాలో 13వ శతాబ్దంలో నిర్మించిన కోణార్క సూర్యదేవాలయంలో ప్రధానంగా ఈ రాతినే వాడారు. సముద్రపు ఉప్పుగాలి, తేమల వలన అక్కడి శిల్పాలు క్రమంగా శిథిలమవుతున్నాయి.