బిరుదావళిలో కన్నడం

బెంగళూరు తెలుగులో కన్నడం కలిసిందనీ, అది సభలలో పనికిరాదనీ మన విద్యార్థులు తరచు మాట పడుతుంటారు. సభాభాష ఏనాడైనా కలగలుపు లేకుండా ఉన్నదా? శాసనాలను అడిగి చూద్దాం.

విజయనగర కాలపు తెలుగు శాసనాలు చాలావరకు ఒకే తీరున మొదలవుతాయి. 'స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవర్షంబులు' అంటూ కాలం చెప్పి, రాజుగారి బిరుదులు ఏకరువు పెట్టి, అప్పుడుగాని చెరువు సంగతో మాన్యం సంగతో ఎత్తుకోవు. ఆ బిరుదులలో 'మూరురాయర గండ', 'భాషెగె తప్పువ రాయర గండ' అన్నవి సంగమ వంశపు తొలి రాజుల నాటివి. తెలుగైతే మూడు, రాయల, భాషకు అని ఉండాలి. ఇక్కడ సంఖ్యా కన్నడమే, విభక్తీ కన్నడమే. వ్రాసినవానికి తెలుగు రాక కాదు. దాన వివరాలు చక్కని తెలుగులోనే చెప్పాడు. బిరుదు ముద్రవంటిది. దానిని అనువదించరు, గుర్తుపడతారు.

ఇదంతా వట్టి పొగడ్త అని దాటవేయడం మనకు అలవాటు. కాని 'భాషెగె తప్పువ రాయర గండ' అంటే ఆడిన మాట తప్పిన రాజులపాలిటి వీరుడని అర్థం. కొత్తగా లోబడిన సామంతుని చెవిలో అది స్తోత్రంగా మాత్రమే మోగి ఉండదు. అదే 14వ శతాబ్దిలో ఆ రాజులు 'హిందూరాయ సురత్రాణ' అని కూడా చెప్పుకున్నారు. సురత్రాణ శబ్దం సంస్కృత వేషం వేసిన సుల్తానే! స్వచ్ఛత కోరేవారు దీనికేమంటారో.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపుదే కాదు. 1537లో వెలసిన మన నగరపు ప్రభువు కెంపేగౌడ పేర 'గంగాగౌరీవిలాసం' అనే తెలుగు యక్షగానం ఉన్నది. కోలారు జిల్లా శాసనాలను బి. ఎల్. రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంగా వెలువరించారు. అందులో కన్నడ శాసనాల పక్కనే తెలుగువీ చోటు చేసుకున్నాయి. మన విద్యార్థులు ముందు తెరవవలసిన పుస్తకం అదే.

రాజులు పోయినా మర్యాద కాగితాల మీదికి దిగింది. మద్రాసు ప్రభుత్వ కాగితాలలో పెద్దమనుషుల పేర్లకు ముందు 'మహారాజరాజశ్రీ' ఎం.ఆర్.ఆర్.వై. అనే పొడి అక్షరాలుగా మారింది. పేరు చివర తమిళులకు 'అవర్గళ్', తెలుగువారికి 'గారు' చేర్చేవారు. ఇంటి ఉత్తరాలలోని 'ఉభయకుశలోపరి' మాత్రం తెలుగువారూ కన్నడిగులూ ఒక్కలాగే వ్రాసుకున్నారు.