వాల్ట్ డిస్నీ వరల్డ్: తొలినాళ్ల మీద బెంగ

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగరానికి నైరుతి దిక్కున ఉన్న విశాలమైన వినోద విడిది వాల్ట్ డిస్నీ వరల్డ్. 1971 అక్టోబరు 1న ఒక్క పార్కు, రెండు హోటళ్లతో మొదలైంది. ఇవాళ అక్కడ నాలుగు పెద్ద పార్కులు, రెండు జలక్రీడల పార్కులు, పాతికకు పైగా హోటళ్లు ఉన్నాయి. మొట్టమొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఒక్క 2019లోనే దాదాపు 2 కోట్ల 10 లక్షల మంది వచ్చారని అంచనా. ఈ రద్దీతో పాటే, తొలి పదేళ్ల మీద ఒక బెంగ కూడా పెరుగుతూ వచ్చింది. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన పిల్లలకు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు. వాళ్లు మూతపడిన రైడ్లను పేరు పేరునా తలచుకుంటారు. కానీ ఆ విడిది చరిత్రను వరసగా చూస్తే, వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా పోగొట్టుకున్నది అక్కడ ఉండిన ఖాళీని. ఆ ఖాళీ దానంతటదే ఏర్పడలేదు. డబ్బుపెట్టి, పట్టుబట్టి సంపాదించినది.

దూరం కోసం కొన్న భూమి

1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచాక వాల్ట్ డిస్నీకి పార్కు లోపలికన్నా ప్రహరీ అవతల జరిగేదే ఎక్కువ మింగుడుపడలేదు. చుట్టుపక్కల నారింజ తోటలు చూస్తుండగానే మాయమై మోటెళ్లు, నియాన్ బోర్డులు లేచాయి. ఆయన చేతిలో ఉన్న స్థలం చిన్నది, పక్క స్థలాలు కొనడానికి అప్పట్లో డబ్బు లేదు. ఈసారి అలా కాకూడదనుకున్నాడు. 1963 నవంబరు 22న, అంటే అధ్యక్షుడు కెనడీ హత్యకు గురైన రోజునే, విమానంలోంచి మధ్య ఫ్లోరిడాను చూసి, రెండు పెద్ద రహదారులు కలిసే ఓర్లాండో పరిసరాల మీద మనసు పారేసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ల లోపు, ఎవరికీ అనుమానం రాకుండా వేరే వేరే డొల్ల కంపెనీల పేర్ల మీద 27,000 ఎకరాలకు పైగా కొనిపించాడు. సగటున ఎకరానికి 200 డాలర్లు కూడా పడలేదు. కొన్నదాంట్లో చాలా భాగం సైప్రస్ చెట్లు పెరిగిన చిత్తడి నేల. 1965 అక్టోబరులో ఓర్లాండో సెంటినెల్ పత్రిక గుట్టు రట్టు చేసింది, నవంబరు 15న గవర్నర్ పక్కన కూర్చుని డిస్నీ సోదరులు సంగతి బయటపెట్టారు.

ఆ మరుసటి ఏడాది డిసెంబరు 15న వాల్ట్ కన్నుమూశాడు. పదవీ విరమణకు సిద్ధమైన అన్న రాయ్ డిస్నీ ఆగిపోయి, తమ్ముడి పనిని నెత్తిన వేసుకున్నాడు. 1967లో రాష్ట్ర శాసనసభ రీడీ క్రీక్ పేరుతో ప్రత్యేక పాలనా మండలి ఏర్పాటు చేయడంతో రోడ్లు, కాలువలు, భవన నిర్మాణ నియమాలు అన్నీ దాదాపు కంపెనీ చేతిలోకే వచ్చాయి. అంతకుముందు పనామా కాలువ మండలానికి గవర్నరుగా చేసిన జో పాటర్ నేలను ఆరబెట్టే బాధ్యత తీసుకున్నాడు. ఆయన తవ్వించిన కాలువలు గీత గీసినట్టు ఉండవు, సహజమైన ఏరులా వంపులు తిరుగుతాయి. నీటి మట్టం పెరిగితే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి.

బే లేక్ అనే సహజ సరస్సును ఎండగట్టి అడుగున పేరుకున్న బురద తోడితే కింద తెల్లటి ఇసుక బయటపడింది. దాన్నే ఒడ్డున పరిచారు. దాని పక్కన సెవెన్ సీస్ లగూన్ పేరుతో ఇంకో సరస్సును మనుషులే తవ్వారు. ఆ మట్టితో పార్కు స్థలాన్ని ఎత్తు చేశారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జనం నడిచేది నిజానికి పై అంతస్తు మీద. కింద సుమారు 9 ఎకరాల మేర సొరంగ మార్గాలున్నాయి. సిబ్బంది, సరుకులు, చెత్త అన్నీ సందర్శకుల కంటపడకుండా అందులోంచే కదులుతాయి.

కార్లు నిలిపే చోటును పార్కు గుమ్మం ముందు పెట్టకుండా లగూన్ అవతలి ఒడ్డున పెట్టడం ఈ ప్రణాళికలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం. కారు దిగిన కుటుంబం మోనోరైల్ ఎక్కాలి, లేదా పడవ ఎక్కి నీళ్ల మీదుగా దాటాలి. దూరాన చిన్న బొమ్మలా కనిపించే సిండ్రెల్లా కోట పడవ కదిలే కొద్దీ పెద్దదవుతుంది. ఊరు, రహదారి, పార్కింగ్ వెనకబడిపోతాయి. రైడ్లకు ఉన్నట్టు దీనికి వేరే టికెట్ లేదు గానీ, తొలినాటి సందర్శకులు ఎక్కువగా చెప్పుకునే అనుభవాల్లో ఇదొకటి.

తెరిచిన రోజు, తొలి ఏళ్లు

రద్దీ తక్కువగా ఉండే శుక్రవారం చూసి 1971 అక్టోబరు 1న తెరిచారు. ఆ రోజు వచ్చింది సుమారు 10,000 మంది. పెద్దవాళ్లకు ప్రవేశం 3 డాలర్ల 50 సెంట్లు, కారు నిలపడానికి అర డాలరు. అక్టోబరు చివర్లో లాంఛనంగా అంకితోత్సవం జరిగింది, డిసెంబరు 20న రాయ్ డిస్నీ కూడా చనిపోయాడు.

అయితే తొలినాళ్లలో అంతా ప్రశాంతమే అనుకుంటే పొరపాటు. నవంబరు చివర్లో థ్యాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు హైవే మీద కార్లు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి, పార్కు తలుపులు మూయాల్సి వచ్చింది. మొదటి సంవత్సరంలోనే కోటి మందికి పైగా వచ్చారు. పెద్ద రైడ్లు తక్కువని కుర్రకారు పెదవి విరిచింది. కరీబియన్ సముద్రం కూతవేటు దూరంలో ఉన్న ఫ్లోరిడాలో సముద్రపు దొంగల కథ ఎవరికి కావాలని కాలిఫోర్నియాలోని పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ రైడ్‌ను ఇక్కడ కట్టలేదు. వచ్చినవాళ్లంతా అదే అడగడంతో 1973 డిసెంబరులో కట్టక తప్పలేదు. చీకట్లో దూసుకెళ్లే స్పేస్ మౌంటెన్ 1975 జనవరిలో వచ్చింది. అంటే పెంచమని మొదట కోరింది సందర్శకులే.

అయినా ఆ కాలాన్ని తలచుకునేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అప్పట్లో కంపెనీ ఈ చోటును ‘వెకేషన్ కింగ్‌డమ్’ అని ప్రచారం చేసింది, అంటే సెలవుల రాజ్యం. పార్కు అందులో ఒక భాగమే. మిగతాదంతా నీళ్లు, అడవి, ఇసుక ఒడ్డు. కంటెంపరరీ, పాలినీషియన్ హోటళ్ల గదులను వేరేచోట ఫర్నిచరుతో సహా తయారుచేసి, లారీల మీద తెచ్చి, క్రేన్లతో ఉక్కు చట్రంలో అమర్చారు. పాలినీషియన్ ఒడ్డున దిగి ఈత కొట్టనిచ్చేవారు. ఫోర్ట్ వైల్డర్‌నెస్ శిబిరంలో గుడారాలు వేసుకున్నవాళ్లను 1970ల్లో కొన్నేళ్ల పాటు చిన్న ఆవిరి రైలు చెట్ల మధ్యగా తిప్పింది. 1976లో అదే శిబిరం పక్కన రివర్ కంట్రీ తెరిచారు. ఊరవతల ఏటిలో ఈతకు దిగినట్టు ఉండేలా కట్టిన జలక్రీడల పార్కు అది. కాళ్ల కింద ఇసుక, చేతికి అందే తాడు ఉయ్యాల, బండరాళ్ల మధ్య జారుడు బల్లలు.

కంటెంపరరీ హోటల్ నడిబొడ్డునుంచి మోనోరైల్ దూసుకుపోతుంది. ఆ విశాలమైన హాలు మధ్య మేరీ బ్లెయిర్ గీసిన 90 అడుగుల ఎత్తైన టైల్స్ చిత్రం ఉంది. అందులోని ఒక మేకకు ఐదు కాళ్లు. దాన్ని వెతికి పట్టుకోవడం అక్కడికి వెళ్లిన పిల్లలకు ఆనవాయితీ. ఆ రోజుల్లో అక్కడ కూర్చుని మేకను వెతికేంత తీరిక ఉండేది. వాటర్‌గేట్ కుంభకోణం వేడి మీద 1973 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ తాను మోసగాణ్ని కానని చెప్పుకున్నది ఈ హోటల్లోనే. మరుసటి ఏడాది డిసెంబరులో జాన్ లెనన్ బీటిల్స్ భాగస్వామ్యం రద్దు పత్రాల మీద సంతకం పెట్టింది పాలినీషియన్‌లో.

కూపన్లు చేసిన మేలు

పాత రోజుల గురించి మాట్లాడేవాళ్లలో చాలామందికి టికెట్ పుస్తకం గుర్తుంటుంది. ప్రవేశ టికెట్‌తో పాటు ఎ నుంచి ఇ దాకా అక్షరాలున్న కూపన్ల పుస్తకం కొనుక్కునేవారు. మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి లాంటి చిన్న సరదాలకు ఎ కూపన్, పెద్ద రైడ్లకు ఇ కూపన్. ఇ కూపన్లు కొన్నే ఉంటాయి కాబట్టి ఇంటిల్లిపాదీ ఒకచోట నిలబడి దేనికి ఖర్చుపెట్టాలో తేల్చుకునేవారు. అవి అయిపోతే మిగిలిన చిన్న కూపన్లతో చిన్న సరదాల వైపు వెళ్లేవారు. వాడని కూపన్లు ఇళ్లలో సొరుగుల్లో పడి ఉండేవి, మళ్లీ వచ్చినప్పుడు చెల్లేవి.

ఇది డబ్బు రాబట్టే పద్ధతే, సందేహం లేదు. కానీ జనాన్ని పార్కు అంతటా పలచగా పరిచింది కూడా ఇదే. 1982లో రెండో పార్కు ఎప్‌కాట్ సెంటర్ తెరిచే వేళకు కూపన్లు పోయి, ఒక్క టికెట్‌తో రోజంతా ఏదైనా ఎక్కవచ్చనే పద్ధతి వచ్చింది. అది సౌకర్యమే, కానీ అందరూ ఒకే నాలుగైదు రైడ్ల మీద పడ్డారు. క్యూ చరిత్రలో ఈ మార్పుకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1999లో వచ్చిన ఫాస్ట్‌పాస్, అంటే ఫలానా వేళకు రమ్మని ఇచ్చే చీటీ, క్యూలో నిలబడే బాధ తప్పిస్తానంది. తప్పించింది కూడా, కొందరికి. క్యూలోంచి బయటికొచ్చిన ఆ జనమంతా దారుల్లోకి చేరారు, చీటీ లేనివాళ్ల వరస మరింత మెల్లగా కదిలింది. 2021లో ఆ ఉచిత సదుపాయం స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. ఆ డబ్బు కట్టినవాళ్లు ఏ గంటకు ఏది ఎక్కాలో ఫోన్‌లో ముందే నిర్ణయించుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టికెట్ 2015లోనే 100 డాలర్లు దాటింది, 2018 నుంచి తేదీని బట్టి ధర మారుతోంది. పాతకాలం వాళ్ల ఫిర్యాదు ధర మీదకన్నా ఈ ముందస్తు లెక్కల మీదే ఎక్కువ. ఉదయం లేచి ఎటు కాలు పడితే అటు తిరగడం వాళ్లు ఎరిగిన సెలవు.

లోపలి నుంచి నిండిన చోటు

బయటివాళ్లు వచ్చి చుట్టుముట్టకూడదని వాల్ట్ 27,000 ఎకరాలు కొన్నాడు. ఆ విషయంలో ఆయన గెలిచాడు. కానీ ఆ ఖాళీని కంపెనీయే లోపలి నుంచి నింపుకుంటూ వచ్చింది. 1973 చమురు సంక్షోభం వల్ల సరస్సుల ఒడ్డున అనుకున్న మరో మూడు హోటళ్లు ఆగిపోయాయి. తొలి తరం ఎరిగిన ఆ విశాలమైన నీటి అంచుకు ఒక కారణం ఈ సంక్షోభమే. 1984లో మైకేల్ ఐస్నర్ కంపెనీ పగ్గాలు చేపట్టాక నిర్మాణం జోరందుకుంది. ఆగిన స్థలాల్లో ఒకదాని మీద 1988లో గ్రాండ్ ఫ్లోరిడియన్ లేచింది. 1989లో డిస్నీ ఎంజీఎం స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ తెరుచుకున్నాయి. 2015లో పాలినీషియన్ ఒడ్డు ముందు నీళ్ల మీదే బంగళాలు వెలిశాయి. ఆ ఇసుకలో కూర్చుంటే ఒకప్పుడు కంటికి ఎదురుగా ఉన్నది నీళ్లే.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది 1990ల తర్వాత వెళ్లినవాళ్లు కాబట్టి వాళ్లకు తెలిసింది ఈ నిండిన డిస్నీ వరల్డే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లి కోట ముందు ఫోటో తీయించడం చాలా ఇళ్లలో జరిగేదే.

బెంగ బయటపడిన సందర్భాలు

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని ఇరవై వేల లీగుల జలాంతర్గామి ప్రయాణం 1994 సెప్టెంబరులో ఆగింది. కథలోని జలాంతర్గామి నాటిలస్ ఆకారంలో ఉండే ఆ పడవలు నిజంగా మునిగేవి కావు. జనం నీటి మట్టానికి దిగువన కూర్చుని గుండ్రటి అద్దాల్లోంచి చూస్తుంటే, బయట బుడగలు పైకి ఎగసి, మునిగిపోతున్నట్టే అనిపించేది. ఒక్కో పడవలోకి జనం మెట్లు దిగి వెళ్లాలి, మళ్లీ మెట్లెక్కి బయటికి రావాలి. క్యూ కదిలేది కాదు, మరమ్మతులు తెగేవి కావు. లెక్కల పుస్తకంలో అది దండగ, చూసినవాళ్ల మనసులో మాత్రం ఇప్పటికీ మొదటి వరసలో ఉంది.

మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్ తీసేస్తారని 1997లో తెలిసినప్పుడు అభిమానులు ఆకుపచ్చ టీ షర్టులు తొడుక్కుని పార్కులోకి వచ్చి శాంతియుతంగా నిరసన తెలిపారు. ఒక కంపెనీ సొంత ఆస్తిలోని రైడ్ కోసం జనం ఇలా గుమిగూడడం అరుదు. 1998 సెప్టెంబరు 7న అది ఆగిపోయింది. 1999 జనవరిలో ఎప్‌కాట్‌లోని హొరైజన్స్ రైడ్, అదే ఏడాది నవంబరులో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో తీగ మీద వేలాడే స్కైవే మూతపడ్డాయి. 2001 తర్వాత రివర్ కంట్రీ మళ్లీ తెరవలేదు. చాలా ఏళ్లు పిచ్చి మొక్కల మధ్య పాడుబడి ఉండిపోయింది.

2025 జులై 6 తర్వాత మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని నది, అందులో తిరిగే ఆవిరి పడవ, టామ్ సాయర్ దీవి మూతపడ్డాయి. కార్స్ సినిమా ఆధారంగా కొత్త ప్రాంతం రాబోతోంది. ఆ నది పెద్ద ఆకర్షణ ఏమీ కాదు, దాని కోసమే పార్కుకు వచ్చేవాళ్లు అరుదు. అయినా ఆ వార్త ఎందరినో కదిలించింది. ఎండన పడి తిరిగిన పెద్దవాళ్లు కూర్చునేది, పిల్లలు వరస లేకుండా పరుగెత్తేది అక్కడే. టామ్ సాయర్ దీవికి తెప్ప మీద దాటాల్సి వచ్చేది. 1973 నుంచి మూతపడే దాకా అదే పద్ధతి. లగూన్ మీద తొలి ప్రయాణంలో దొరికిన దూరం, ఇంత నిండిన పార్కు మధ్యలోనూ ఆ తెప్ప మీద ఇంకాస్త మిగిలి ఉండేది.

తొలి నెలలోనే మొదలైన ఒక వేడుక మాత్రం అర్ధశతాబ్దం దాటినా నిలిచింది. అది ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్. తెప్పల వరస మీద కట్టిన దీపాల తెరలపై తిమింగలం, తాబేలు, డ్రాగన్ బొమ్మలు వెలుగుతూ సరస్సుల చుట్టూ తిరుగుతాయి. దాన్ని ఒడ్డున నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఖాళీ కూడా పూర్తిగా పోలేదు: వాల్ట్ కొనిపించిన భూమిలో దాదాపు మూడో వంతు ఇప్పటికీ సంరక్షణ ప్రాంతంగా, సైప్రస్ చిత్తడిగానే ఉంది.